వెబ్‌సైట్‌లో మ్యాప్ ఎలా పెట్టాలి? పిన్ గేటు దగ్గరే పడాలంటే ఏం చేయాలి?

పెళ్లికి వచ్చినవాళ్లు ఫంక్షన్ హాల్ వెనక సందులో కారు ఆపి, కాంపౌండ్ గోడ చూస్తూ "గేటు ఎటువైపండీ?" అని ఫోన్ చేయడం మామూలే. వెబ్‌సైట్‌లో మ్యాప్ ఉంది, పిన్ సరైన భవనం మీదే ఉంది, అయినా దారి తప్పింది. కారణం సులువు. దారి చూపించే యాప్‌కి భవనం కన్నా రోడ్డు ముఖ్యం. సాధారణంగా పిన్‌కి ఏ రోడ్డు దగ్గరగా ఉంటే అక్కడిదాకా తీసుకెళ్లి "చేరుకున్నారు" అనేస్తుంది. స్థలం లోతుగా ఉండి పిన్ సరిగ్గా భవనం కప్పు మధ్యలో ఉంటే, ముందున్న మెయిన్ రోడ్డు కన్నా వెనక సందే దానికి దగ్గర కావచ్చు.

కాబట్టి పిన్ భవనం మీద కాదు, గేటు దగ్గర ఉండాలి. మిగతా పనంతా దీని తర్వాతే. కర్నూల్లో నంద్యాల చెక్‌పోస్ట్ వైపు ఒక ఫంక్షన్ హాల్‌కి వెబ్‌సైట్ చేస్తున్నాం అనుకుందాం. అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గరి మెస్‌కైనా, కడప ఏడు రోడ్ల దగ్గరి బట్టల కొట్టుకైనా ఇదే పద్ధతి.

1. గేటు దగ్గర నిలబడి కోఆర్డినేట్లు తీసుకోండి

ఆఫీసులో కూర్చుని శాటిలైట్ బొమ్మ చూసి పిన్ పెట్టకండి. ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, గేటు బయట, రోడ్డు అంచున నిలబడండి. ఆకాశం కనిపించే చోట మామూలు ఫోన్ జీపీఎస్ సుమారు 5 మీటర్ల తేడాతో చూపిస్తుంది. ఇరుకు సందుల్లో, చెట్ల కింద, ఎత్తైన గోడల పక్కన తేడా ఇంకా పెరుగుతుంది. అందుకే ఒక నిమిషం ఆగి, నీలం చుక్క కదలకుండా కుదురుకున్నాక దాని మీద వేలు నొక్కి పట్టుకోండి. ఎర్ర పిన్ పడి, కోఆర్డినేట్లు, అంటే ఆ చోటుని చెప్పే రెండు సంఖ్యలు కనిపిస్తాయి. కాపీ చేసి మెసేజ్‌లో దాచుకోండి.

మొదటి సంఖ్య అక్షాంశం, రెండోది రేఖాంశం. కర్నూలుకి అవి సుమారుగా 15.82, 78.03 దగ్గర ఉంటాయి. దశాంశ బిందువు తర్వాత ఐదు అంకెలు చాలు, అది దాదాపు 1 మీటరు ఖచ్చితత్వం. నాలుగు అంకెలైతే 11 మీటర్లు, అంటే గేటుకి బదులు పక్కింటి గేటు. రెండు అంకెలతో ఆపేస్తే కిలోమీటరు పైచిలుకు తేడా వస్తుంది, ఊళ్లో అది ఇంకో పేట.

హైవే పక్కన ఉన్నవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. 44వ నంబరు జాతీయ రహదారిలాంటి డివైడర్ ఉన్న రోడ్డు పక్కన పిన్ నాలుగడుగులు అటు జరిగినా, యాప్ దాన్ని సర్వీస్ రోడ్డుకి కాకుండా మెయిన్ క్యారేజ్‌వేకి, అంటే హైవే అసలు రోడ్డుకి తగిలించొచ్చు. కారు ఫ్లైఓవర్ ఎక్కేస్తుంది, మళ్లీ వెనక్కి రావాలంటే తర్వాతి అండర్‌పాస్ దాకా పోవాల్సిందే. ఇలాంటి చోట పిన్ సర్వీస్ రోడ్డుకి మీ గేటు వైపు, లోపలికే ఉండాలి.

2. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ సరిచేయండి

గూగుల్ సెర్చ్‌లో, మ్యాప్స్‌లో మీ హాల్ పేరు, అడ్రసు, ఫోన్ నంబరు చూపించేది ఇదే. ఇది ఉచితం. వెరిఫికేషన్‌కి, అంటే యజమాని మీరేనని నిరూపించుకోడానికి, డబ్బు కట్టాలని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి, గూగుల్ దీనికి రూపాయి తీసుకోదు. ఈ మధ్య ఎక్కువగా వీడియో వెరిఫికేషనే అడుగుతోంది: వీధి, బోర్డు, లోపలి భాగం, తాళం తీయడం లాంటి యజమాని మాత్రమే చేయగల పని, అన్నీ మధ్యలో కట్ చేయకుండా ఒకే వీడియోలో తీయాలి. బోర్డు మీద పేరు, ప్రొఫైల్‌లో పేరు ఒకటే అయి ఉండాలి. పేరు చివర "కర్నూల్లో బెస్ట్ ఏసీ ఫంక్షన్ హాల్" అని తగిలిస్తే సెర్చ్‌లో పైకి వస్తామనే సలహా చాలామంది ఇస్తారు. వినకండి. అది గూగుల్ నియమాలకు విరుద్ధం, ప్రొఫైల్ సస్పెండ్ అయితే పెళ్లిళ్ల సీజన్లో మ్యాప్ మీద కనిపించకుండా పోతారు.

లొకేషన్ ఎడిట్‌లోకి వెళ్లి పిన్‌ని గేటు వైపు ముందుభాగానికి లాగండి. దాచుకున్న కోఆర్డినేట్లు వెతికి, రెండు చుక్కలూ కలిశాయో లేదో సరిచూసుకోండి.

అడ్రసులో జిల్లా పేరు చూసుకోండి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక నంద్యాల, ఆళ్లగడ్డ, బనగానపల్లె ఇప్పుడు కర్నూలు జిల్లాలో లేవు, నంద్యాల జిల్లాలో ఉన్నాయి. హిందూపురం, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాకి వెళ్లాయి. వెబ్‌సైట్‌లో ఒకటి, ప్రొఫైల్‌లో ఒకటి, ఇన్విటేషన్ కార్డు మీద ఇంకొకటి ఉంటే మనుషులూ తికమక పడతారు, సెర్చ్ ఇంజనూ తికమక పడుతుంది.

3. మ్యాప్‌ని పేజీలో పెట్టండి

ఈ పని ఫోన్ యాప్‌లో కాదు, కంప్యూటర్ బ్రౌజర్‌లో చేయాలి. గూగుల్ మ్యాప్స్‌లో మీ హాల్ పేరు తెరిచి, షేర్ నొక్కి, "ఎంబెడ్ ఎ మ్యాప్" ట్యాబ్‌లోకి వెళ్లి, హెచ్‌టీఎంఎల్ కాపీ చేయండి. దీనికి ఏపీఐ కీ (ప్రోగ్రామర్లకి గూగుల్ ఇచ్చే పాస్‌వర్డ్ లాంటిది) అక్కర్లేదు, బిల్లూ రాదు.

ఎక్కువమంది ఇక్కడే బోల్తా పడతారు. పక్క ట్యాబ్‌లో ఉండే మామూలు షేర్ లింకుని ఐఫ్రేమ్‌లో (మన పేజీలో ఇంకో పేజీని చూపించే డబ్బాలో) అతికిస్తే బూడిదరంగు డబ్బా, అందులో "కనెక్ట్ చేయడానికి నిరాకరించింది" అనే అర్థంలో ఒక మెసేజ్ వస్తుంది. ఆ లింకు ఐఫ్రేమ్‌లో తెరుచుకోదు, ఎంబెడ్ కోడే కావాలి. వర్డ్‌ప్రెస్‌లో అయితే కోడ్‌ని పేరాగ్రాఫ్ బ్లాక్‌లో కాకుండా కస్టమ్ హెచ్‌టీఎంఎల్ బ్లాక్‌లో అతికించండి, లేకపోతే పేజీ మీద కోడే అక్షరాలుగా కనిపిస్తుంది.

మీడియం సైజు కోడ్‌లో వెడల్పు 600, ఎత్తు 450 పిక్సెళ్లు ఉంటుంది. ఫోన్ తెర వెడల్పు సాధారణంగా 360 నుంచి 430 దాకా ఉంటుంది, కాబట్టి మ్యాప్ కుడివైపు పొడుచుకొచ్చి పేజీ మొత్తం పక్కకి జారుతుంది. వెడల్పుని 100 శాతం చేయండి, ఎత్తు 300 చాలు. లేజీ లోడింగ్ ఆ కోడ్‌లోనే ఉంటుంది. పనికిరానిదనుకుని దాన్ని తీసేయకండి. మ్యాప్ ఉన్న చోటికి మనిషి వచ్చేదాకా అది లోడ్ కాకుండా ఆపేది అదే.

మ్యాప్ కింద "దారి చూపించు" అని పెద్ద బటన్ పెట్టండి, కనీసం 48 పిక్సెళ్ల ఎత్తుతో. నిజం చెప్పాలంటే మ్యాప్ కన్నా ఈ బటనే ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే వచ్చేవాళ్లు దారి చూసేది పేజీలో కాదు, యాప్‌లో. ఇందాక ఐఫ్రేమ్‌లో పనికిరాని షేర్ లింకు ఈ బటన్‌కి సరిపోతుంది. పార్కింగ్‌కి వేరే గేటు ఉంటే దాని కోఆర్డినేట్లతో రెండో బటన్ పెట్టండి. పక్కనే ఫోన్ నంబరు, వేలు తగిలితే కాల్ వెళ్లేలా, ముందు +91తో. నంబరుని బొమ్మలో రాసి అప్‌లోడ్ చేయడం మాత్రం వద్దు.

4. చోట్లు ఎక్కువగా ఉంటే యూమ్యాప్

బ్రాంచీలు నాలుగైదు ఉన్నా, లేదా ట్రావెల్స్ నడిపేవాళ్లు మంత్రాలయం, యాగంటి, బెలుం గుహలు, అహోబిలం, ఓర్వకల్లు రాక్ గార్డెన్ ఒకే మ్యాప్‌లో చూపించాలనుకున్నా, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద పనిచేసే యూమ్యాప్ మంచిది. కోడింగ్ రానవసరం లేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2004లో మొదలైంది, ఎవరైనా దిద్దగల మ్యాప్. మీ వీధి అందులో లేకపోతే మీరే గీయొచ్చు, పేరు తెలుగులోనూ చేర్చొచ్చు. గూగుల్ మ్యాప్ చూసి కాపీ కొట్టకూడదు, కాపీరైట్ సమస్య.

ఎక్సెల్‌లో మూడు నిలువు వరుసలు చేయండి: పేరు, అక్షాంశం, రేఖాంశం. శీర్షికలు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో name, lat, lon అని ఉండాలి. సేవ్ చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ కాకుండా "సీఎస్‌వీ యూటీఎఫ్-8" ఎంచుకోండి. మామూలుది ఎంచుకుంటే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలై వస్తాయి, వాటిని మళ్లీ తెలుగులోకి తేలేం. తర్వాత యూమ్యాప్‌లో ఇంపోర్ట్ చేసి, ఐఫ్రేమ్ కోడ్ తీసుకుని, మూడో స్టెప్పులోలాగే అతికించండి.

పిన్‌లు ఒక్కటీ కనిపించకపోతే మ్యాప్‌ని బాగా దూరం చేసి, పైన ఉత్తర ధ్రువం వైపు చూడండి. అక్షాంశం, రేఖాంశం తారుమారైతే కర్నూలు పిన్ సరిగ్గా నార్వేవాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల మీద, మంచులో పడుతుంది. జియోజేసన్ అనే మ్యాప్ డేటా ఫైళ్లలో రేఖాంశం ముందు వస్తుంది, గూగుల్‌లో, లీఫ్‌లెట్‌లో (కోడ్ రాసి మ్యాప్ చేసుకునేవాళ్లు వాడే ఉచిత సాధనం) అక్షాంశం ముందు. ఈ తారుమారు వచ్చేది అందుకే.

ఇంకో రెండు సంగతులు. లాగిన్ లేకుండా చేసిన మ్యాప్‌కి యూమ్యాప్ ఒక రహస్య ఎడిట్ లింకు ఇస్తుంది. అది పోతే దిద్దడం కుదరదు కాబట్టి ఖాతాతోనే చేయండి. రెండోది, విదేశీ మ్యాపుల్లో మన దేశ సరిహద్దులు సర్వే ఆఫ్ ఇండియా చూపినట్టు ఉండకపోవచ్చు, తప్పు సరిహద్దుతో మ్యాప్ ప్రచురించడం మన చట్టం ప్రకారం నేరం. మ్యాప్‌ని జిల్లా స్థాయిలో తెరుచుకునేలా పెట్టి, లీఫ్‌లెట్ వాడేవాళ్లు కనీస జూమ్‌ని కూడా కట్టడి చేస్తే ఈ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది. మూలన ఉండే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ క్రెడిట్ లైను తీసేయకండి, అది లైసెన్సు షరతు.

లీఫ్‌లెట్‌తో సొంతంగా చేసేవాళ్లకి మ్యాప్ అసలు కనిపించకపోతే, దాన్ని పెట్టిన డబ్బాకి ఎత్తు ఇచ్చారో లేదో ముందు చూడండి. మ్యాప్ ముక్కలు చెల్లాచెదురుగా కనిపిస్తే లీఫ్‌లెట్ సీఎస్ఎస్ ఫైలు (ఏది ఎక్కడ, ఎలా కనిపించాలో చెప్పేది) లోడ్ కాలేదని అర్థం.

5. అడ్రసుని మాటల్లోనూ రాయండి

నెట్ బలహీనంగా ఉన్న చోట మ్యాప్ రాదు, మాటలు వస్తాయి. "ఆర్టీసీ బస్టాండ్ నుంచి వచ్చేవాళ్లు", "హైవే మీద నుంచి వచ్చేవాళ్లు" అని రెండు దారులు విడివిడిగా రాయండి. పెట్రోల్ బంకు, గుడి, స్కూలు లాంటి మారని గుర్తులు చెప్పండి. "పెద్ద హోర్డింగ్ పక్కన" అంటే వచ్చే నెలకి హోర్డింగ్ ఉండకపోవచ్చు.

డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్‌లో టైపు చేయించిన మ్యాటర్‌ని నేరుగా అతికిస్తే పేజీలో పిచ్చి గీతలు వస్తాయి. దాన్ని యూనికోడ్‌లోకి (అన్ని ఫోన్లూ చదవగల పద్ధతిలోకి) మార్చి, వత్తులు సరిగ్గా వచ్చాయో లేదో ఒకసారి చదివి వాడండి. ఫాంట్‌కి నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటివి ఉచితం. ఇంగ్లీషుకి సరిపోయే లైన్ ఎత్తు తెలుగుకి చాలదు. పై లైను వత్తులు, కింది లైను గుడులు ఒకదాన్నొకటి తాకుతాయి. అక్షరం సైజుకి 1.6 నుంచి 1.8 రెట్ల దాకా పెట్టండి.

6. పేజీ బరువు తగ్గించండి

ఫోన్‌తో తీసిన స్టేజీ డెకరేషన్ ఫోటో ఒక్కోటీ 3 నుంచి 5 ఎంబీ ఉంటుంది. అలాంటివి పది పెడితే పేజీ ఎవరి ఫోన్లోనూ తొందరగా తెరుచుకోదు. స్క్వూష్ అనే ఉచిత సాధనంలో వెడల్పు 1200 పిక్సెళ్లకి తగ్గించి వెబ్‌పీ అనే తేలికైన ఫోటో ఫైలుగా సేవ్ చేస్తే చాలా ఫోటోలు 200 కేబీ లోపుకి వస్తాయి, కంటికి తేడా తెలియదు. తర్వాత పేజీ వేగాన్ని కొలిచే గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మొబైల్ స్కోరు చూడండి. అక్కడ ముఖ్యమైన భాగం కనిపించడానికి పట్టే సమయం 2.5 సెకన్ల లోపుంటే బాగున్నట్టు.

7. తెలియని మనిషితో పరీక్షించండి

మీకు దారి తెలుసు కాబట్టి మీ పరీక్ష పనికిరాదు. ఆ పేట ఎప్పుడూ చూడనివాళ్లకి వెబ్‌సైట్ లింకు పంపి, కొండారెడ్డి బురుజు దగ్గర నుంచి ఒకసారి, హైవే దిగి ఒకసారి రమ్మనండి. యాప్ "చేరుకున్నారు" అన్న చోట నిలబడి ఫోటో తీసి పంపమనండి. ఫోటోలో గేటు కనిపించకపోతే పిన్ మళ్లీ జరపాలి. ప్రొఫైల్‌లో చేసిన మార్పు వెంటనే అందరికీ కనిపించదు, గూగుల్ పరిశీలనకి సమయం పడుతుంది. అందుకని ముహూర్తాలు మొదలవడానికి కొన్ని వారాల ముందే ఈ పని పెట్టుకోండి. ఎవరైనా "సజెస్ట్ యాన్ ఎడిట్" నొక్కి పిన్ జరపమని సూచించగలరు కాబట్టి, నెలకోసారి ప్రొఫైల్ తెరిచి పిన్, ఫోన్ నంబరు, పని వేళలు చూసుకోండి.