630, 2200 మీటర్ల బ్యాండ్లలో ఏ డిజిటల్ మోడ్ ఎప్పుడు వాడాలి

హ్యామ్ రేడియోలో ఇలాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండ్లలో డిజిటల్ మోడ్ (కంప్యూటరుతో సందేశం పంపే పద్ధతి) ఎంచుకోవడమంటే ఒక్కో ప్రసారం ఎంతసేపు సాగాలో తేల్చుకోవడమే. వ్యవధి రెట్టింపు చేస్తే సుమారు 3 డెసిబెల్స్ కలిసొస్తాయి, అంటే సగం బలమున్న సిగ్నల్ కూడా అందుతుంది. అలాగని పొడవాటిదే మేలనుకోవద్దు. ఏదైనా పంపే ముందు మీ లైసెన్సులో 472–479 (630 మీటర్లు), 135.7–137.8 (2200 మీటర్లు) కిలోహెర్ట్జ్ ఉన్నాయో లేదో చూసుకోండి. వినడంతో మొదలుపెట్టండి.

రిసీవర్‌ను యూఎస్‌బీ (అప్పర్ సైడ్‌బ్యాండ్)లో 474.2 కిలోహెర్ట్జ్‌పై పెట్టి, డబ్ల్యూఎస్‌పీఆర్‌ను (బలహీనమైన బీకన్ సిగ్నళ్లను పట్టి వాటి బలం చెప్పే మోడ్) రెండు మూడు రాత్రులు నడపండి. 2200 మీటర్లకైతే 136.0. హైదరాబాద్ ఆకాశవాణి 738 కిలోహెర్ట్జ్ లాంటి మీడియం వేవ్ స్టేషన్లు ఎస్‌డీఆర్‌ను (సాఫ్ట్‌వేర్‌తో నడిచే రిసీవర్) ముంచేస్తుంటే ముందు ఒక లోపాస్ ఫిల్టరు (పై ఫ్రీక్వెన్సీలను ఆపేది) పెట్టండి. మీకు కావలసిన స్టేషన్ ఎంత బలంతో వస్తోందో రాసుకుని, ఆ స్టేషన్ డబ్ల్యూఎస్‌పీఆర్‌కు వాడే పవరుకూ క్యూఎస్‌ఓకు (ఇద్దరి మధ్య సంభాషణకు) వాడబోయే పవరుకూ ఉన్న తేడాను డెసిబెల్స్‌లో కలపండి. ఇది మరిచిపోతే లెక్కంతా తప్పుతుంది.

డీకోడ్ అయ్యే కనీస స్థాయి (2500 హెర్ట్జ్ వెడల్పులోని నాయిస్‌తో పోలిస్తే, డెసిబెల్స్‌లో) ఎఫ్‌టీ8 మోడ్‌కి సుమారు −21, ఎఫ్‌ఎస్‌టీ4-60కి (ఎఫ్‌ఎస్‌టీ4 మోడ్‌లో చివరి అంకె ఒక్కో స్లాటుకు పట్టే సెకన్లు) −28, 120కి −31, 300కి −35, 1800కి −43. ఫేడింగ్ కోసం కనీసం 3 డెసిబెల్స్ చేతిలో ఉంచుకోండి. −17 నిలకడగా వస్తే ఎఫ్‌టీ8 చాలు. −24 అయితే ఎఫ్‌ఎస్‌టీ4-60, −28 అయితే 120. మామూలు క్యూఎస్‌ఓకు ఆరు ప్రసారాలు కావాలి కాబట్టి 300తో అరగంట, 1800తో మూడు గంటలు పడుతుంది. అందుకే 900, 1800లను బీకన్ మోడ్ అయిన ఎఫ్‌ఎస్‌టీ4డబ్ల్యూలోనే వాడటం మంచిది.

ఉదాహరణకు నల్గొండ, మహబూబ్‌నగర్ మధ్య తిన్నగా సుమారు 140 కిలోమీటర్లు. పగలు గ్రౌండ్‌వేవ్ (నేల వెంట వచ్చే సిగ్నల్) నిలకడగా ఉంటుంది, పొడవాటి మోడ్లు పనిచేస్తాయి. రాత్రి 630 మీటర్లలో స్కైవేవ్ (పైన అయనోస్ఫియర్ నుంచి తిరిగొచ్చే సిగ్నల్) వచ్చి కలిస్తే సిగ్నల్ ఫేజు ఊగుతుంది, అరగంట ప్రసారం పాడవుతుంది. అప్పుడు 120 లేదా 300కి దిగండి. 900, 1800లకు తగినది 2200 మీటర్లే.

ఇంకో అడ్డంకి ఆసిలేటర్, అంటే రేడియో ఫ్రీక్వెన్సీని నిలబెట్టే భాగం. 1800లో టోన్ల మధ్య దూరం 0.089 హెర్ట్జ్. 475 కిలోహెర్ట్జ్ దగ్గర అది పది లక్షల్లో 0.19 వంతు. మే నెలలో రేకుల గదిలో ఫ్యాను గాలి నేరుగా రిగ్గు మీద కొడితే మామూలు టీసీఎక్స్‌ఓ (వేడి మార్పులను సరిదిద్దుకునే ఆసిలేటర్) కూడా అంతకంటే ఎక్కువే కదలొచ్చు. గంటసేపు వేడెక్కనివ్వండి, గాలి తగలకుండా పెట్టండి. జీపీఎస్ రిఫరెన్స్ ఉంటే ఈ గొడవే ఉండదు.

మన దగ్గర నాయిస్ రెండు రకాలు. బోరు మోటారు స్టార్టర్లు, ఉరుములు ఇచ్చే చిటపటలకు ఎఫ్‌ఎస్‌టీ4లోని ఎన్‌బీని (నాయిస్ బ్లాంకర్) 5 లేదా 10 శాతం పెట్టి చూడండి. ఎల్‌ఈడీ డ్రైవర్లు, సోలార్ పంపు కంట్రోలర్లు వాటర్‌ఫాల్ (వచ్చే సిగ్నళ్లను గీతలుగా చూపే తెర) మీద నిలువు గీతలు గీస్తాయి. 50 హెర్ట్జ్ వెడల్పున్న ఎఫ్‌టీ8 వాటిలో ఇరుక్కుంటుంది. 6 హెర్ట్జ్‌ల ఎఫ్‌ఎస్‌టీ4-120 గీతల సందులో ఇమిడిపోతుంది. సిగ్నల్ బలంగానే ఉన్నా నేనైతే ఇక్కడ 120కే ఓటేస్తాను.

ఇవన్నీ స్థిర ఎన్వలప్ మోడ్లు (ప్రసారమంతా సిగ్నల్ ఎత్తు మారనివి) కాబట్టి క్లాస్-డీ యాంప్లిఫయరుతో నడుస్తాయి. కాకపోతే లోపాస్ ఫిల్టరు తప్పనిసరి: 475.7 రెండో హార్మోనిక్ 951.4, మూడోది 1427.1, రెండూ మీడియం వేవ్‌లో పడతాయి. యాంటెన్నా కెపాసిటెన్స్ 300 పికోఫారడ్లయితే 475 కిలోహెర్ట్జ్‌కు 375 మైక్రోహెన్రీల లోడింగ్ కాయిలు సరిపోతుంది, 137కి 4.5 మిల్లీహెన్రీలు కావాలి. 137 దగ్గర ఒక ఆంపియర్‌కే కాయిలు కొసన సుమారు 3,900 వోల్ట్లు వస్తాయి, తీగను చెట్టుకొమ్మకు తగలనీయకండి.

గడియారం సెకను లోపు సరిగ్గా ఉండాలి. యూటీసీతో మనకున్న ఐదున్నర గంటల తేడా ఇక్కడ ఇబ్బంది కాదు. 30 నిమిషాల స్లాట్లు కూడా మన గంట, అరగంటలకే మొదలవుతాయి. పిలిచే ముందు అవతలివారితో ఫోనులో స్లాటు వ్యవధి, ఆడియో ఫ్రీక్వెన్సీ, ఎవరు ముందు పంపాలో మాట్లాడుకోండి. ఒకరు 60లో, ఇంకొకరు 120లో ఉంటే వాటర్‌ఫాల్ మీద గీత కనిపిస్తుంది గానీ డీకోడ్ ఒక్కటీ రాదు. 1400–1600 హెర్ట్జ్ భాగం డబ్ల్యూఎస్‌పీఆర్‌ది, అక్కడ క్యూఎస్‌ఓ పెట్టకండి.