గొలుసుకు జర్క్ ఇవ్వొద్దు: దిగబడ్డ బండిని గుంజేవాళ్లకు జాగ్రత్తలు

పోయిన వారం మా పక్క మండలంలో ఒక జీపు చెరువు శిఖంలో దిగబడింది. ట్రాక్టరు తెచ్చారు. బోరు మోటరు దించే పాత వైరు రోపు కట్టి గుంజారు. రెండుసార్లు కదల్లేదు. మూడోసారి రోపును లూజుగా వదిలి ట్రాక్టరును ఉరికించారు. జీపుకు వెల్డింగ్ చేయించుకున్న హుక్కు ఊడి, రోపుతో పాటు ఎగిరొచ్చి ట్రాక్టరు డ్రైవరు భుజం వెనక తగిలింది. ఎముక విరిగింది. జానెడు పైన తగిలి ఉంటే మనిషి దక్కేవాడు కాదు.

ఇంకొన్ని రోజుల్లో మృగశిర కార్తె. రెండు మంచి వానలు పడ్డాయంటే పాలమూరు, నల్లగొండ రేగళ్లలో బండ్లు దిగబడటం మొదలవుతుంది. సోమశిల, డిండి, సాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్లకు శని, ఆదివారాలు థార్‌లు, జిమ్నీలు వేసుకుని వచ్చే పట్నం పిల్లలు వేరే. నీళ్లు వెనక్కి పోయిన చోట ఒండ్రు పైన పెచ్చులు కట్టి గట్టి నేలలాగే కనిపిస్తుంది. చక్రం ఎక్కితే గానీ కింద ఎంత బురద ఉందో తెలియదు. దిగబడితే ప్రాణానికేం కాదు. బయటికి తీసేటప్పుడే దెబ్బలు తగులుతాయి.

ఒక్కరే పోవద్దు, లోతు చూడకుండా నీళ్లలో దిగొద్దు లాంటివి అందరికీ తెలుసు కాబట్టి వదిలేస్తున్నాను.

జర్క్ సంగతి

దిగబడ్డ బండి చుట్టూ చేరిన ప్రతి గుంపులోనూ ఒక గొంతు ఉంటుంది: "అన్నా, ఒక్క దెబ్బ గట్టిగ గుంజు, అదే వస్తది." ఆ మాట వినొద్దు. గొలుసుకు, వైరు రోపుకు, వించ్ (తాడును డ్రమ్ముకు చుట్టుకుంటూ బండిని లాగే మోటరు) తాడుకు జర్క్ ఇవ్వొద్దు. అవి సాగవు. ఎందుకు వద్దంటున్నానో ఒక లెక్కలో చూడండి. 2 టన్నుల ట్రాక్టరు గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఉరికి, గొలుసు బిగిశాక 10 సెంటీమీటర్లలో ఆగిపోయిందనుకోండి. ఆ క్షణంలో గొలుసు మీద సగటున పడే బలం దాదాపు 8 టన్నులు. అదే ట్రాక్టరు సాగే తాడుతో అర మీటరు దూరంలో ఆగితే పడేది టన్నున్నర. ట్రాక్టరు, వేగం రెండూ అవే, తేడా అంతా తాడు సాగడంలోనే ఉంది.

ఆ 8 టన్నులకు గొలుసే తెగాలని లేదు. అన్నిటికంటే బలహీనమైనది ఏదో అది పోతుంది. ఎక్కువసార్లు అది హుక్కే. ఊడిన హుక్కు దొరికితే విరిగిన చోటును ఒకసారి ఎండలో పెట్టి చూడండి. సగం నల్లగా, తుప్పు పట్టి ఉంటుంది, మిగతా సగం కొత్త ఇనుములా మెరుస్తుంటుంది. నల్లగా ఉన్న భాగం ఎన్నడో పగిలింది. ఇన్నాళ్లూ మిగతా సగం మీదే బండిని లాగుతున్నారన్నమాట. గేట్లు, కిటికీలు చేసే షాపులో వేయించిన హుక్కులను ఈ ఒక్క కారణం చేతే నేను నమ్మను.

మరి జర్క్ ఇవ్వకుండా బండి ఎట్లా వస్తుంది? మట్టి తీస్తే వస్తుంది. దిగబడ్డ బండికి అడ్డం పడేది దాని బరువు ఒక్కటే కాదు, ముందు పేరుకున్న బురద, కింద పట్టేసిన రేగడి కూడా. సైన్యంలో బండ్లు లాగేవాళ్లకు ఒక మోటు లెక్క ఉంది: చక్రాల దాకా మునిగితే బండి బరువంత బలం కావాలి, మడ్‌గార్డు దాకా మునిగితే రెండింతలు, క్యాబిన్ దాకా అయితే మూడింతలు. కాబట్టి ముందు పార పట్టండి. నాలుగు చక్రాల ముందు వాలుగా తవ్వండి. బండి పొట్ట నేలకు ఆని ఉంటే కింద మట్టి లాగేయండి. టైర్లలో గాలి 15 పీఎస్ఐ దాకా దించండి. బయటికి వచ్చాక మళ్లీ కొట్టించుకోవడం మరిచిపోకండి. ఇరవై నిమిషాలు తవ్వితే సగం బండ్లకు జర్క్ అవసరమే రాదు. తవ్వడానికి నామోషీ పడేవాళ్లే ట్రాక్టరును ఉరికిస్తారు.

తాడు, కొక్కెం

ఉరికించి గుంజడానికి సాగే తాడే పనికొస్తుంది: నైలాన్‌తో అల్లిన కైనెటిక్ రోపు. ఇది దాదాపు 30 శాతం దాకా సాగుతుంది. అదే పనికి వాడే నైలాన్ పట్టీ, స్నాచ్ స్ట్రాప్, ఇంకాస్త తక్కువ సాగుతుంది. వీటితో కూడా మొదట మెల్లగా, నడక కంటే కొంచెం వేగంగా పోనివ్వండి. రాకపోతే దిగి మళ్లీ తవ్వండి. దుకాణాల్లో చవకగా దొరికే, రెండు కొసలకూ ఇనుప కొక్కేలున్న టోయింగ్ బెల్టు రోడ్డు మీద ఆగిపోయిన కారును మెల్లగా లాక్కుపోవడానికే. బురదలో దాన్ని బయటికే తీయొద్దు.

ముడి వేయొద్దు. ముడి పడిన చోట తాడు బలం దాదాపు సగానికి పడిపోతుంది, ముడి బిగిస్తే విప్పలేరు కూడా. రెండు స్ట్రాప్‌లు కలపాల్సి వస్తే మధ్యలో ఇనుప షాకిల్ (మూతికి అడ్డంగా బోల్టు ఉండే U ఆకారం కొండీ) పెట్టొద్దు. ఒకదాని లూపులోంచి ఇంకొకటి దూర్చి, మధ్యలో చుట్టిన పేపరో చిన్న కట్టెనో ఉంచండి.

షాకిల్ మీద ఎన్ని టన్నులో పోత పోసి ఉంటుంది. 19 మిల్లీమీటర్లదైతే 4.75 టన్నులని ఉంటుంది. ఏమీ రాసి లేనిది గేటుకు తాళం వేసుకోవడానికి పెట్టుకోండి.

కట్టే చోటు ఛాసిస్‌కు కంపెనీ ఇచ్చిన టో హుక్కే అయి ఉండాలి. బంపరు, బుల్ గార్డు, టో బాల్ (ట్రెయిలర్ తగిలించే ఇనుప గుండు), యాక్సిల్, స్టీరింగ్ రాడ్లు, లారీలో కట్టేసి తీసుకుపోవడానికి ఇచ్చిన చిన్న రింగులు, వీటిలో దేనికీ వద్దు. టో బాల్ విరిగిందంటే అది తుపాకీ గుండే.

వించ్ ఉన్నవాళ్లకు

వించ్ మీద 9,500 పౌండ్లు, అంటే సుమారు 4,300 కిలోలని రాసి ఉంటే ఆ బలం డ్రమ్ము మీద మొదటి చుట్టులోనే. పైన చుట్లు పేరుకున్న కొద్దీ తగ్గుతుంది. అందుకే తాడును వీలైనంత పొడుగ్గా వదలండి. అయితే డ్రమ్ము మీద వైరు రోపు అయితే కనీసం 5 చుట్లు ఉండాలి, సింథటిక్ తాడైతే ఇంకా ఎక్కువ. బలం చాలకపోతే పుల్లీ వేయండి. లాగే బలం రెండింతలవుతుంది, వేగం సగమవుతుంది. పుల్లీ కట్టిన చెట్టు మీద కూడా రెండింతల బరువు పడుతుందని గుర్తుంచుకోండి. శిఖంలో మొలిచిన సర్కారు తుమ్మ ఆ బరువు మోయదు. లావుపాటి చెట్టు ఉంటే దానికి వెడల్పాటి పట్టీ చుట్టి, మొదట్లో, నేలకు దగ్గరగా కట్టండి. వైరు రోపును చెట్టు చుట్టూ తిప్పి దానికదే తగిలిస్తే చెట్టు చస్తుంది, రోపూ పాడవుతుంది.

చాలామంది చేసే తప్పు: వించ్ మొరాయిస్తే వించ్ తాడు తగిలించి ఉండగానే బండిని వెనక్కి నడిపి గుంజడం. ఇదీ జర్కే. వించ్ తాడు సాగదు. జర్క్ ఇవ్వొద్దు.

ఇక వరసబెట్టి రాస్తున్నాను. పేజీ తీసి ట్రాక్టరు డబ్బాలో పెట్టుకోండి.

తాడు బిగియక ముందే జనాన్ని దూరం పంపండి. తాడు పొడుగెంతో అంతకు ఒకటిన్నర రెట్ల దూరం. 20 మీటర్ల తాడైతే 30 మీటర్లు. వీడియో తీసేవాళ్లు కూడా.

బిగిసిన తాడు దాటొద్దు. కింద నుంచి దూరొద్దు. మీద కాలు వేయొద్దు.

తాడు నడుమ తడి గోనె సంచో బరువైన బొంతో వేయండి. తెగితే నేలకు కొడుతుంది. ఇది ఉంది కదా అని దగ్గర నిలబడొద్దు.

కొక్కెం నోరు పైకి ఉండాలి.

వైరు రోపును ఉత్త చేతులతో పట్టొద్దు. తోలు గ్లవ్స్ ఉన్నా వేళ్ల మధ్య నుంచి జారనివ్వొద్దు. తెగిన పోగు చర్మంలో దిగితే బయటికి రాదు.

వించ్ రిమోట్ ఒక్కరి చేతిలోనే. ఆపు అనే సైగ మాత్రం ఎవరు చేసినా ఆపాలి.

కరెంటు స్తంభానికి కట్టొద్దు. బోరు కేసింగుకు కట్టొద్దు.

బండిలో పిల్లల్ని ఉంచి లాగొద్దు.

వెనక నుంచి నెట్టేవాళ్లు, ముందు తాడు ఒకేసారి వద్దు. నెట్టేవాడు జారి చక్రం కింద పడతాడు.

ట్రాక్టరుతో గుంజితే గొలుసును కిందుండే, ట్రాలీ తగిలించే డ్రాబార్‌కే కట్టాలి. పైనుండే టాప్ లింకుకు కడితే ముందు చక్రాలు లేస్తాయి. రెండు సెకన్లు కూడా పట్టదు, ట్రాక్టరు వెనక్కి తిరగబడి డ్రైవరు కిందే ఉంటాడు. క్లచ్ మెల్లగా వదలండి. మళ్లీ చెబుతున్నా, ఉరికించొద్దు.

దిగబడింది ట్రాక్టరే అయితే వెనక చక్రాలకు దుంగ కట్టి ఎక్కించొద్దు. చక్రం తిరగదు, ట్రాక్టరే చక్రం చుట్టూ తిరుగుతుంది. వీలైతే వెనక్కి తీయండి.

తాగినవాడి చేతికి స్టీరింగ్ ఇవ్వొద్దు. గుంజేవాడూ, గుంజబడేవాడూ ఇద్దరూ.

గొలుసులో ఒక్క లింకు సాగి కనిపించినా ఆ గొలుసు తుక్కుకే.

మూడుసార్లు రాలేదంటే నాలుగోసారీ రాదు. తవ్వండి.

చీకటి పడితే ఆపేయండి. బండి ఒడ్డున ఉండి పైనుంచి వరద వచ్చే రోజులైతే సామాను, కాగితాలు తీసుకుని మీరు గట్టెక్కండి, బండి సంగతి పొద్దున.

జేసీబీని పిలిస్తే గంటకు ఎంత అడిగితే అంత ఇచ్చేయండి, కానీ బకెట్ పళ్లకు గొలుసు తగిలించనివ్వకండి, జారుతుంది.