మ్యాథ్స్‌లో పీహెచ్‌డీ: చేరే ముందు చూసుకోవాల్సినవి, చేరాక చెయ్యాల్సినవి

ఎంఎస్సీ మ్యాథ్స్ రెండో ఏడాదికి వచ్చేసరికి అందరి నోటా ఒకటే మాట: నెట్ (నేషనల్ ఎలిజిబిలిటీ టెస్ట్) ఎలా కొట్టాలి? నెట్ కావాల్సిందే, ఫెలోషిప్ లేకుండా ఐదేళ్లు నెట్టుకురావడం కష్టం. అయితే పరీక్ష మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా గైడ్‌ని, ప్రాబ్లమ్‌ని ఎంచుకోవడం మీద పెట్టరు. పీహెచ్‌డీ సగంలో ఆగిపోవడానికైనా, పూర్తయ్యాక ఎందుకూ కొరగాకుండా పోవడానికైనా ఎక్కువసార్లు మూలం అక్కడే ఉంటుంది. అందుకే ఇక్కడ పరీక్షల గురించి కొంత, ఆ ఎంపిక గురించి ఎక్కువ.

పునాది

రియల్ ఎనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా, ఆబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా, కాంప్లెక్స్ ఎనాలిసిస్, టోపాలజీ, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు. ఏ శాఖకు వెళ్లినా ఈ ఆరూ తప్పవు. సెమిస్టర్ పరీక్షలకు థియరమ్‌లు కంఠతా పట్టి రాసిన అలవాటు ఇక్కడ కాళ్లకు అడ్డం పడుతుంది. ప్రతి థియరమ్‌కీ మూడు పనులు చెయ్యండి. మొదట, అది వర్తించే ఉదాహరణ ఒకటి రాయండి. తర్వాత ఒక్కో షరతునూ తీసేసి, థియరమ్ ఎక్కడ కూలుతుందో చూపించే కౌంటర్ ఎగ్జాంపుల్ వెతకండి. చివరికి పుస్తకం మూసేసి తెల్లకాగితం మీద ప్రూఫ్ రాయండి.

కౌంటర్ ఎగ్జాంపుల్స్‌కి విడిగా ఒక నోట్‌బుక్ పెట్టుకోవడం మంచిది. ఏ4 గ్రూప్‌లో 12 ఎలిమెంట్లున్నా 6 ఎలిమెంట్ల సబ్‌గ్రూప్ లేదు, కాబట్టి లాగ్రాంజ్ థియరమ్ (సబ్‌గ్రూప్ సైజు గ్రూప్ సైజును భాగిస్తుందనేది) తిరగేస్తే నిలవదు. ఎక్స్ స్క్వేర్ సైన్ వన్ బై ఎక్స్ (సున్నా దగ్గర విలువ సున్నా అనుకుంటే) అంతటా డిఫరెన్షియబుల్, కానీ దాని డెరివేటివ్ సున్నా దగ్గర కంటిన్యువస్ కాదు. ఇలాంటివి ఓ రెండు వందలు సొంత చేత్తో సరిచూసి రాసుకుంటే నెట్‌కీ, ఇంటర్వ్యూకీ, తర్వాత రీసెర్చ్‌కీ అదే పెట్టుబడి.

తెలుగు మీడియంలో డిగ్రీ చదివినవాళ్లు సమూహం, వలయం, సదిశాంతరాళం అన్న మాటలు మారిపోయాయని కంగారుపడతారు. పేర్లు నెల రోజుల్లో అలవాటవుతాయి. అసలు చిక్కు క్వాంటిఫయర్ల ("ప్రతి", "ఏదో ఒకటి" లాంటి మాటల) వరుసలో వస్తుంది, అది ఏ మీడియంవాళ్లకైనా ఒకటే. కంటిన్యుటీలో బిందువు, ఎప్సిలాన్ చెప్పాక డెల్టా వస్తుంది, కాబట్టి డెల్టా బిందువును బట్టి మారొచ్చు. యూనిఫామ్ కంటిన్యుటీలో ఎప్సిలాన్ చెప్పగానే డెల్టా ఇచ్చెయ్యాలి, బిందువులు ఆ తర్వాతే. ఎక్స్ స్క్వేర్ మొత్తం రియల్ లైన్ మీద మొదటిది పాటిస్తుంది, రెండోది పాటించదు. ఈ తేడాను మీ మాటల్లో ఎదుటివాళ్లకు చెప్పగలిగేదాకా ముందుకు వెళ్లొద్దు.

కాలేజీలో ఈ స్థాయి బోధన దొరక్కపోతే ఎంటీటీఎస్ (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) వేసవి శిక్షణకూ, నేషనల్ సెంటర్ ఫర్ మ్యాథమెటిక్స్ నడిపే యాన్యువల్ ఫౌండేషన్ స్కూళ్లకూ దరఖాస్తు చెయ్యండి. ఎంటీటీఎస్ 1993 నుంచి నడుస్తోంది. అక్కడ పాఠం వినడం కన్నా విద్యార్థే ప్రశ్నలకు జవాబు కట్టుకుంటూ పోవడం ఎక్కువ. ఫౌండేషన్ స్కూళ్లు పీహెచ్‌డీ మొదటి ఏళ్లలో ఉన్నవాళ్లకు.

పరీక్షలు

మ్యాథ్స్‌కి రాయాల్సింది సీఎస్ఐఆర్-యూజీసీ నెట్, మ్యాథమెటికల్ సైన్సెస్ పేపర్. 3 గంటలు, 200 మార్కులు. పార్ట్ ఏలో 20 ప్రశ్నల్లో 15 చెయ్యాలి, ఒక్కోటి 2 మార్కులు. పార్ట్ బీలో 40కి 25, ఒక్కోటి 3 మార్కులు. పార్ట్ సీలో 60కి 20, ఒక్కోటి 4.75 మార్కులు. ఏ, బీల్లో తప్పుకు ఆ ప్రశ్న మార్కుల్లో పావు వంతు పోతుంది. సీలో నెగెటివ్ లేదు, కానీ సరైన ఆప్షన్లన్నీ గుర్తిస్తేనే మార్కులు.

ఈ లెక్కల్లోనే వ్యూహం ఉంది. బీలో కళ్లు మూసుకుని ఒక ఆప్షన్ పెడితే సగటున వచ్చేది 0.19 మార్కు, అంటే దాదాపు సున్నా. రెండు ఆప్షన్లు కచ్చితంగా తప్పని తేల్చాక పెడితే సగటు 1.125, అప్పుడు వదలకూడదు. సీ ఒక్కటే 95 మార్కులు. అక్కడ నాలుగు ఆప్షన్లనూ నాలుగు వేరు వేరు ట్రూ-ఫాల్స్ ప్రశ్నలుగా చూడాలి. తప్పని నిరూపించడానికి చేతిలో ఉదాహరణ ఉంటే ఒక ఆప్షన్ అర నిమిషంలో తేలుతుంది, కౌంటర్ ఎగ్జాంపుల్స్ నోట్‌బుక్ పనికొచ్చేది ఇక్కడే. చాలామంది పోగొట్టుకునే చోటు ఇంకొకటి: సీలో 20 కన్నా ఎక్కువ ప్రశ్నలకు జవాబు పెడితే మొదటి 20 మాత్రమే దిద్దుతారు. బాగా తెలిసిన ప్రశ్న ఆలస్యంగా దొరికితే, అనుమానంగా పెట్టిన పాతదాన్ని క్లియర్ చేశాకే దీన్ని పెట్టండి.

జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆపైన ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో)గా 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం (హెచ్ఆర్ఏ) విడిగా. జేఆర్ఎఫ్ రాకపోయినా 2024 జూన్ నుంచి నెట్ స్కోరుతోనే పీహెచ్‌డీ అడ్మిషన్‌కి వెళ్లొచ్చు. అక్కడ నెట్‌కి 70, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ, స్కోరు ఒక ఏడాదే చెల్లుతుంది. ఎన్‌బీహెచ్ఎం (నేషనల్ బోర్డ్ ఫర్ హయ్యర్ మ్యాథమెటిక్స్) స్కాలర్‌షిప్ పరీక్ష, టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్), ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్), సీఎంఐ (చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్) ప్రవేశ పరీక్షల తీరు వేరు. వాటిలో ప్రశ్నలు తక్కువ, ఆలోచన ఎక్కువ. కనీసం ఐదేళ్ల పాత పేపర్లు గడియారం పెట్టుకుని చెయ్యండి. అమెరికా వైపు చూసేవాళ్లకు చాలా యూనివర్సిటీల గడువు డిసెంబరులో ముగుస్తుంది. మూడు రికమెండేషన్ లెటర్లు కావాలి. మ్యాథ్స్ జీఆర్ఈ సబ్జెక్ట్ టెస్ట్‌లో 66 ప్రశ్నలు, అందులో సగం క్యాల్‌క్యులస్. ఎంఎస్సీలో మర్చిపోయిన మల్టిపుల్ ఇంటిగ్రల్స్ మళ్లీ చెయ్యక తప్పదు.

ఇంటర్వ్యూలో "మీకు నచ్చిన సబ్జెక్ట్ ఏది?" అని మొదలవుతుంది. టోపాలజీ అన్నారంటే కాంపాక్ట్ అంటే ఏమిటని అడుగుతారు, వెంటనే ఉదాహరణ ఇమ్మంటారు, ఆ ఉదాహరణను కొంచెం మార్చి ఇప్పుడేమవుతుందంటారు. డెఫినిషన్ గడగడా చెప్పి ఉదాహరణ దగ్గర ఆగిపోయేవాళ్లే ఎక్కువ. తెలియనిచోట "తెలియదు, కానీ ఈ చిన్న కేసులో చూస్తాను" అని బోర్డు మీద మొదలుపెట్టినవాళ్లను తీసుకోవడానికే చూస్తారు.

గైడ్‌ని ఎంచుకోవడం

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ తిరుపతి, ఐసర్ తిరుపతి, ఎన్ఐటీ వరంగల్, ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీ. దగ్గర్లోనే ఇన్ని చోట్లున్నాయి. సంస్థ పేరు చూసి ఆగిపోకుండా మనిషి పని చూడండి. దానికి ఒక వారం చాలు.

మ్యాథ్స్ పేపర్ల డేటాబేస్ జెడ్‌బీమ్యాథ్ ఓపెన్‌లో గైడ్ పేరు కొట్టండి, అది అందరికీ ఉచితం. గత ఐదేళ్లలో ఏం రాశారు, ఏ జర్నల్స్‌లో, ఆ పేపర్లను ఇతరులు ఎందుకు ఉదహరించారు? మన యూనివర్సిటీల థీసిస్‌లు దాచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఆయన విద్యార్థుల థీసిస్‌లు దొరుకుతాయి. రెండు డౌన్‌లోడ్ చేసి ఇంట్రడక్షన్లు పక్కపక్కన పెట్టి చదవండి. ఒకదానికొకటి జిరాక్స్ కాపీల్లా ఉంటే మీ థీసిస్ కూడా అలాగే తయారవుతుంది. తర్వాత ఇప్పుడున్న స్కాలర్లతో మాట్లాడండి. వారానికి ఎన్నిసార్లు కలుస్తారు, డ్రాఫ్ట్ ఇస్తే ఎన్ని రోజుల్లో చదివి తిరిగిస్తారు, చివరి ముగ్గురూ ఎన్నేళ్లలో సబ్మిట్ చేశారు? ఈ మూడు ప్రశ్నలు మొహమాటపడకుండా అడగాలి.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఒకే సమయంలో ప్రొఫెసర్ 8 మందిని, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందిని, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 మందిని మించి గైడ్ చెయ్యకూడదు. రిటైర్మెంట్‌కి మూడేళ్ల లోపున్నవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. సీటు ఖాళీ ఉందా, సర్వీసు ఎంత మిగిలింది అన్నవి ముందే తెలుసుకోండి.

ప్యూరా, అప్లైడా

ఈ గోడ అనుకున్నంత గట్టిది కాదు. వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలో పనిచేసిన మీనాక్షిసుందరం 1949లో స్వీడన్ గణితజ్ఞుడు ప్లేయెల్‌తో కలిసి రాసిన పేపర్ వేడి ప్రవహించే ఈక్వేషన్‌ను వక్రతలాల జ్యామితితో కలిపింది. అది ఏ ఖాతాలోకి వస్తుందో చెప్పడం కష్టం. తేడా పనితీరులో ఉంటుంది. నంబర్ థియరీ, ఆల్జీబ్రాయిక్ జామెట్రీ వైపు వెళితే సొంత ప్రాబ్లమ్ మొదలయ్యే ముందు చదువుకే ఏడాదిన్నర, రెండేళ్లు పోవచ్చు. ఆ కాలంలో పేపర్ రాలేదని దిగులు పడొద్దు. అప్లైడ్‌లో మొదటి రిజల్ట్ త్వరగా వస్తుంది, ప్రమాదం కూడా అందులోనే ఉంది.

మనవైపు ఫ్లూయిడ్ డైనమిక్స్‌లో చేరేవాళ్లు ఎక్కువ కాబట్టి ఇది వివరంగా చెప్పాలి. సాగే పలక మీద బౌండరీ లేయర్ (పలకను ఆనుకున్న పలచని పొర) ప్రవాహం తీసుకోవడం, సిమిలారిటీ ట్రాన్స్‌ఫర్మేషన్‌తో ఆర్డినరీ డిఫరెన్షియల్ ఈక్వేషన్లు చేసెయ్యడం, మ్యాట్‌ల్యాబ్‌లోని బీవీపీ4సీ సాల్వర్‌తో సాల్వ్ చేసి గ్రాఫులు గీయడం, మళ్లీ మ్యాగ్నెటిక్ ఫీల్డో నానో కణాలో చేర్చి ఇంకో పేపర్. కొత్త పారామీటర్ కొత్త ప్రశ్న కాదు. ఈ దారిలోనే వెళ్లాల్సి వస్తే కనీసం ఈ తనిఖీలు వదలకండి. అనంతం దాకా ఉండాల్సిన డొమైన్‌ను 6 దగ్గర కోసేస్తే, 12 దగ్గర కోసి జవాబు మారలేదని చూపించండి. బీవీపీ4సీ డిఫాల్ట్ రిలేటివ్ టాలరెన్స్ (అది ఒప్పుకునే తప్పు) వెయ్యింట ఒకటి మాత్రమే, అది బిగించండి. ముడుచుకునే పలక కేసులో రెండు సొల్యూషన్లు ఉండొచ్చు, ఏది దొరుకుతుందన్నది మొదట ఇచ్చే గెస్ మీద ఆధారపడుతుంది. ముందుగా తెలిసిన కేసుతో పోల్చండి: బ్లాసియస్ ఈక్వేషన్‌లో (కదలని చదును పలక మీది ప్రవాహం) గోడ దగ్గర రెండో డెరివేటివ్ 0.332. కానీ నాన్‌లీనియర్ టర్మ్ ముందు సగం లేని రూపం తీసుకుంటే అదే 0.4696. ఈ రెండింటినీ కలిపేసి "సరిపోలేదు" అని నెలలు తవ్వేవాళ్లున్నారు.

న్యూమరికల్ ఎనాలిసిస్ చేసేవాళ్లు నచ్చిన సొల్యూషన్‌ను ముందే అనుకుని, అది సరిపోయేలా కుడివైపు ఫంక్షన్ తయారుచేసుకుని కోడ్ నడపాలి. గ్రిడ్ దూరం 0.1, 0.05, 0.025గా తగ్గిస్తే సెకండ్ ఆర్డర్ పద్ధతిలో ఎర్రర్ ప్రతిసారీ సుమారు నాలుగో వంతు కావాలి. సగమే అవుతోందంటే ముందు బౌండరీ చూడండి. డెరివేటివ్ ఇచ్చిన అంచు దగ్గర ఫస్ట్ ఆర్డర్ డిఫరెన్స్ వాడి ఉంటారు, అదొక్కటే మొత్తం పద్ధతిని కిందికి లాగేస్తుంది.

చేరాక

కోర్స్ వర్క్ కనీసం 12 క్రెడిట్లు. దాన్ని గండంలా గట్టెక్కించకుండా, మీ ప్రాబ్లమ్‌కి కావాల్సిన ఫంక్షనల్ ఎనాలిసిస్ లాంటివి అప్పుడే గట్టి చేసుకోండి. పేపర్ చదివేటప్పుడు మొదటి సారి స్టేట్‌మెంట్లు మాత్రమే, రెండోసారి ఒక చిన్న ఉదాహరణను వేలితో పట్టుకుని ప్రూఫ్ మొత్తం నడవండి. మొదటి ప్రాబ్లమ్‌కి మంచి దారి: గైడ్ పేపర్లోని ఒక థియరమ్ తీసుకుని ఏ షరతు నిజంగా ఎక్కడ వాడారో గీత గీయండి, దాన్ని సడలిస్తే ఏమవుతుందో చూడండి.

మీ ప్రూఫ్‌లో మీరు పెట్టుకున్న షరతు ఎక్కడా వాడకపోతే ఆగండి. మీ థియరమ్ అనుకున్నదానికన్నా బలమైనదై ఉండాలి, లేదా ప్రూఫ్‌లో తప్పుండాలి. రెండోదే ఎక్కువసార్లు జరుగుతుంది. వారం పక్కన పెట్టి, పాతది చూడకుండా మళ్లీ రాయండి. ఆ తర్వాత తోటి స్కాలర్‌ని కూర్చోబెట్టి బోర్డు మీద చెప్పండి. "ఇది తేలికే" అని నోటితో దాటేసే చోటే కన్నం ఉంటుంది. మ్యాథ్స్ టైప్ చేసే సాఫ్ట్‌వేర్ లేటెక్ మొదటి నెలలోనే నేర్చుకోండి, ఫైళ్లు రెండు చోట్ల దాచండి.

మ్యాథ్స్ జర్నల్స్‌లో రిఫరీ రిపోర్ట్‌కి ఆరు నెలల నుంచి ఏడాది పైగా పట్టడం మామూలు. పబ్లికేషన్ తప్పనిసరి అన్న నిబంధనను యూజీసీ 2022లో తీసేసినా, యూనివర్సిటీలు సొంత నియమాలు పెట్టుకోవచ్చు, మీ దగ్గర ఏముందో చేరిన రోజే చూసుకోండి. ఏదేమైనా మూడో ఏడాది ముగిసేలోగా మొదటి పేపర్ పంపెయ్యడం క్షేమం. రెండు వారాల్లో అంగీకరించి ఫీజు అడిగే జర్నల్ జోలికి పోవద్దు. ఆ పేరు సీవీలో ఉండటం లేకపోవడం కన్నా హాని.

గడువు కనీసం 3 ఏళ్లు, కోర్స్ వర్క్‌తో కలిపి మామూలుగా గరిష్ఠం 6 ఏళ్లు. చివరి ఏడాదిలో ప్రీ-సబ్మిషన్ సెమినార్, ప్లేజియరిజం చెక్ (10 శాతం లోపు పోలికకు అభ్యంతరం ఉండదు), కనీసం ఇద్దరు బయటి ఎగ్జామినర్లు, వైవా వరుసగా వస్తాయి. సాఫ్ట్‌వేర్ మీ సొంత పేపర్లను కూడా పోలికగా చూపిస్తుంది, వాటిని మినహాయించమని రాసివ్వడం మర్చిపోవద్దు. ఎగ్జామినర్ల దగ్గర రిపోర్టులు నెలల తరబడి ఆగుతుంటాయి కాబట్టి, ఫెలోషిప్ చివరి నెలకు కనీసం ఆరు నెలల ముందే థీసిస్ చేతికిచ్చేలా లెక్క వేసుకోండి.