పాఠం 4: కాలు కింద పడ్డాక వచ్చే మాట

పోయిన పాఠంలో ఒంటికాలి మీద నిలబడమన్నాను. వారం తిరిగేసరికి నాకొచ్చిన మెసేజ్‌ల నిండా అంకెలే. పన్నెండు సెకన్లు, ఏడు సెకన్లు, "ఎడమ కాలైతే మూడేనండీ, నాకు రాసిపెట్టి లేదు". ఒకాయన మనవడి చేత స్టాప్‌వాచ్ కూడా పట్టించారట. తప్పు నాదే. వృక్షాసనం అని పేరు చెప్పేసరికి అందరికీ పరీక్షలా అనిపించింది. ఎంతసేపు నిలబడ్డారో నాకు అక్కర్లేదు. కాలు కింద పడగానే లోపల ఏ మాట పలికిందో అది కావాలి. అది రాసింది ఆ మూడు సెకన్ల ఆవిడ ఒక్కరే, అదీ తెలియకుండా.

నిలబడే పద్ధతి మళ్ళీ చెప్పను. ఎత్తిన పాదాన్ని రెండో కాలి మోకాలికి మాత్రం ఆనించొద్దు. పైన తొడకో, కింద పిక్కకో ఆనించండి. యోగా మ్యాట్ పక్కన పెట్టండి, గచ్చు నయం. మెత్తటి దాని మీద పాదానికి పట్టు దొరకదు. కళ్ళు తిరిగేవాళ్ళు గోడ పక్కనే ఉండండి.

"ఊగిపోతున్నాను" అని చాలామంది బాధపడ్డారు. ఊగాలి. కళ్ళు, లోపలి చెవి, పాదాలూ కీళ్ళూ పంపే కబుర్లతో మెదడు ఒంటిని నిలబెడుతుంది. చీలమండ చుట్టూ కండరాలు క్షణక్షణం సర్దుకుంటూనే ఉంటాయి. మీకు ఊగుడుగా తెలిసేది ఆ సర్దుబాటే.

ఇక నాకు చిరాకు తెప్పించే సంగతి. "నా వల్ల కాదు" అనిపించగానే దాని మీదికి "నా వల్ల అవుతుంది, నేను సాధిస్తాను" అని ఇంకో మాటను ఉసిగొల్పడం. అద్దం ముందు నిలబడి రోజూ చెప్పుకునేవాళ్ళున్నారు. క్లచ్ వదలగానే సిగ్నల్ దగ్గర కారు ఆగిపోతుంది, వెనక హారన్లు. పొద్దున అద్దంలో చెప్పుకున్నది అప్పుడు గుర్తుకొస్తుందా? మీటింగ్‌లో నోరు పెగలనప్పుడు? మాటకు మాట పెడితే లోపల వాదన మొదలవుతుంది, వాదనలో పాత మాటకే అలవాటెక్కువ. 1977లో ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త, చేయగలమన్న నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందన్నాడు. వాటిలో బలమైనది స్వయంగా చేసి చూడడం. ఎదుటివాళ్ళు చెప్పే ధైర్యం దాని తర్వాతే. మనకి మనం చెప్పుకునేదీ అంతేనని నా లెక్క.

అందుకని ఆ మాటను ఖండించొద్దు, బుజ్జగించొద్దు. చివర చిన్న తోక తగిలించండి: "నాకు రాసిపెట్టి లేదు, అన్న మాట వచ్చింది." ఊపిరి వదిలి అదే కాలు మళ్ళీ ఎత్తండి. లేచిందా? ఆ మాట లోపల ఇంకా వినబడుతుండగానే లేచింది, గమనించారా?

నాకొచ్చే మాట "చూసేవాళ్ళు నవ్వుతారు". నేను చేసేది కుక్కర్ మూడు విజిల్స్ వచ్చేలోపు, వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు!

అభ్యాసం: వారం పాటు రోజూ ఒక్కో కాలికి పదిసార్లు తూలి కాలు దించాల్సిందే. అంత త్వరగా తూలనివాళ్ళు గోడ పక్కన కళ్ళు మూసుకోండి. దించిన ప్రతిసారీ వచ్చిన మాటను ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టండి, తిట్టయినా సరే. అంకెలు పంపితే చదవను.