కేజన్ మసాలా ఎందుకు కుదరడం లేదు? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

అమెరికాలోని లూసియానా రాష్ట్రపు కేజన్ పొడి చేయడంలో కష్టం ఏమీ లేదు. వేయించక్కర్లేదు, దంచక్కర్లేదు. ఏడెనిమిది పొడులు కొలిచి కలిపితే అయిపోతుంది. అయినా మన ఇళ్లలో అది తరచూ చెడుతుంది. కారణం చాలావరకు ఒకటే, సాంబారు పొడికి అలవాటైన చెయ్యి. హ్యూస్టన్‌లో నా మొదటి మూడు సీసాలూ అలాగే పోయాయి.

కింద చెప్పేవన్నీ ఈ కొలతల మీద ఆధారపడి ఉన్నాయి కాబట్టి ముందు ఇవి చూడండి. పాప్రికా (కారం దాదాపు లేని ఎర్ర మిరప పొడి) 4 టీ స్పూన్లు, వెల్లుల్లి పొడి 3, ఉల్లి పొడి 2, నల్ల మిరియాల పొడి 2, తెల్ల మిరియాల పొడి 1, కయెన్ కారం 1, ఎండు థైమ్ ఆకు 1, ఎండు ఒరెగానో ఆకు 1. ఉప్పు ఇందులో లేదు. మర్చిపోయి కాదు, కావాలనే వదిలేశాను. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇది కేజన్ పద్ధతి. కేజన్లంటే ఇప్పటి కెనడాలోని అకేడియా నుంచి 1755 మొదలుకొని బ్రిటిష్ వాళ్లు వెళ్లగొట్టిన ఫ్రెంచి కుటుంబాల సంతతి. లూసియానా దక్షిణాన బేయూల (నెమ్మదిగా పారే చిత్తడి కాలువల) పక్కన, గడ్డి మైదానాల్లో స్థిరపడ్డారు. వాళ్ల పొడిలో మిరియాలదే పెత్తనం. క్రియోల్ వంట న్యూ ఆర్లీన్స్ నగరానిది. ఫ్రెంచి, స్పానిష్, ఆఫ్రికా, స్థానిక తెగల వంటలు అక్కడ కలిశాయి. క్రియోల్ పొడి కావాలంటే పై కొలతల్లో థైమ్, ఒరెగానో రెట్టింపు చేసి ఒక స్పూన్ ఎండు బేసిల్ కలపండి. ఇళ్లను బట్టి పాళ్లు మారతాయి, ఈ గీత అంత గట్టిది కాదు. కానీ ఆకుల వాసన ఎక్కువైందని విసుక్కునే ముందు, మీరు చూసి చేసింది క్రియోల్ కొలతేమో చూసుకోండి.

నోరు మండిపోతోంది, వేరే రుచే తెలియడం లేదు

పాప్రికా ఎర్రగా ఉంటుంది కదా అని దాని బదులు ఇంట్లో ఉన్న కారం వేసి ఉంటారు. అందరం చేసే తప్పే. మామూలు తీపి పాప్రికాలో కారం దాదాపు లేనట్టే, అది వేసేది రంగుకీ కాస్త తీపికీ. కయెన్ కారం 30,000 నుంచి 50,000 స్కోవిల్ యూనిట్ల (మిరప ఘాటుని కొలిచే లెక్క) దాకా ఉంటుంది. మన గుంటూరు సన్నం కూడా అటూ ఇటూగా అంతే. అంటే ఒక స్పూన్ ఉండాల్సిన చోట ఐదు స్పూన్లు పడ్డట్టు.

ఈసారి కయెన్ బదులు గుంటూరు కారం వేయండి, బాగా కుదురుతుంది. పాప్రికా బదులు మాత్రం బ్యాడిగి మిరప పొడి వాడండి. కాశ్మీరీ కారమైనా పరవాలేదు. ఇప్పటికే చేసిన పొడిని పారేయకండి. కయెన్ లేకుండా, పాప్రికాతో ఇంకో వాయి కలిపి దీన్ని అందులో పోసేస్తే కారం సగానికి దిగుతుంది. ఇంకా మండుతుంటే మరో వాయి.

ఇంకోటి. ఈ పొడి కారం మన కూర కారంలా ఒక్కసారిగా కొట్టదు. నల్ల మిరియం ముక్కుకి తగులుతుంది, తెల్లది గొంతు దగ్గర, కయెన్ నాలుక మీద. అందుకే మూడూ వేస్తారు. మిరియాలు తగ్గించి కారం పెంచారంటే అది ఎర్ర కారం అవుతుంది, కేజన్ అవదు.

వంట ఉప్పు కషాయం అయింది

లూసియానాలో దుకాణంలో దొరికే డబ్బాలు చాలావాటిలో మొదటి దినుసు ఉప్పే. దాని లెక్కతో రాసిన వంటకంలో మూడు స్పూన్లు వేయమంటే మసాలాతో పాటు ఉప్పూ వేయమన్నట్టే. మనం మూడు స్పూన్లు వేసి, ఆపైన అలవాటుగా ఉప్పు కూడా వేస్తాం. ఆండూయ్ అనే పొగపెట్టిన పంది మాంసం సాసేజ్‌లోనూ, టాసో అనే పొగపెట్టిన పంది మాంసంలోనూ ఉప్పుంటుంది. డబ్బాలో కొన్న చికెన్ స్టాక్‌లోనూ (కోడి ఎముకలు ఉడికించిన నీళ్లు) ఉంటుంది. జంబలాయాలో (మాంసం, మసాలాతో కలిపి వండే లూసియానా అన్నం) అన్నం ఆ నీళ్లన్నీ పీల్చుకునేసరికి ఏం మిగులుతుందో చెప్పక్కర్లేదు.

పొడిలో ఉప్పు కలపమని రాసిన వంటకాల్లో ఇంకో మెలిక ఉంది. అమెరికా వాళ్లు తరచూ రాసేది కోషర్ ఉప్పు, అంటే పెళుసు రేకుల ఉప్పు. దాని రకాన్ని బట్టి ఒక టీ స్పూన్ 3 గ్రాములే ఉండొచ్చు. మన మెత్తటి అయోడిన్ ఉప్పు అదే స్పూన్‌తో 6 గ్రాములు తూగుతుంది. స్పూన్ మారలేదు, ఉప్పు రెట్టింపైంది.

అందుకే ఉప్పు విడిగా ఉంచమంటున్నాను. బార్బెక్యూ మాంసానికి పట్టించడానికి తప్పనిసరిగా ఉప్పున్న పొడే కావాలంటే, ఆ పూటకి సరిపడా మూడు స్పూన్ల పొడిలో ఒక స్పూన్ మెత్తటి ఉప్పు కలుపుకోండి. వంట ఇప్పటికే ఉప్పగా ఉంటే ఉప్పు లేకుండా వండిన అన్నం కలపడం కన్నా మంచి దారి లేదు. బంగాళాదుంప వేస్తే ఉప్పు లాగేస్తుందనే మాటని నమ్ముకోకండి. అది పీల్చుకునేది పులుసుని, ఒక్క ఉప్పునే కాదు.

చేదుగా ఉంది, మాడు వాసన వస్తోంది

రెండు చోట్ల జరగొచ్చు. పొడి చేసేటప్పుడే బాణలిలో వేయించారా? ధనియాలు, మెంతులు వేయిస్తేనే వాసన. ఇక్కడ ఉన్నవి ముందే ఆరబెట్టి పొడి చేసిన వెల్లుల్లి, ఉల్లి, పాప్రికా. పొడి మూకుట్లో నిమిషం తిరగకుండానే మాడతాయి. మాడిన పొడి బాగుపడదు, పారబోయండి.

లేదంటే వంటలో మాడింది. గంబో అనే లూసియానా పులుసుకి నూనె, పిండి కలిపి ముదురు చాక్లెట్ రంగు వచ్చేదాకా వేయించే రూ ఉంటుంది కదా, అది పొయ్యి మీదున్న వాటన్నిటికన్నా వేడిగా ఉంటుంది. అందులో పొడి చల్లితే అంతే సంగతులు. ముందు తరిగిన ఉల్లి, సెలరీ, క్యాప్సికం వేయండి. లూసియానాలో ఈ మూడింటినీ హోలీ ట్రినిటీ అంటారు. కూరగాయల నీళ్లతో రూ చల్లబడ్డాక పొడి వేసి, అర నిమిషంలో స్టాక్ పోసేయాలి. కాబట్టి స్టాక్ పక్కన సిద్ధంగా ఉండాలి.

బ్లాకెన్డ్ చేప సంగతి వేరు. న్యూ ఆర్లీన్స్‌లో 1979లో కె-పాల్స్ హోటల్ తెరిచిన పాల్ ప్రూడోమ్ వల్ల ఇది అమెరికా అంతా పాకింది. 1980లలో రెడ్‌ఫిష్ వేట మీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చేంత గిరాకీ తెచ్చిపెట్టింది. పేరు చూసి చేపని మాడ్చాలనుకుంటారు. ఆ నలుపు కరిగించిన వెన్నలోని పాల పదార్థం, మసాలా కలిసి గోధుమ రంగు దాటి వేగినందువల్ల వచ్చేది. చేప ముక్కని వెన్నలో ముంచి, పొడి పట్టించి, బాగా కాలిన ఇనుప పెనం మీద ఒక్కో వైపు రెండు నిమిషాల దగ్గర ఉంచుతారు. పల్చటి ముక్కకే ఈ లెక్క. మనం మందపాటి చికెన్ బ్రెస్ట్ తీసుకుని అదే మంట మీద పది నిమిషాలు ఉంచితే బయట బొగ్గు, లోపల పచ్చి. చికెన్ అయితే అడ్డంగా కోసి పల్చన చేయండి. లేదా రెండు వైపులా రంగు రాగానే అవెన్‌లోకి మార్చండి. పొగ మాత్రం బాగా వస్తుంది. అపార్ట్‌మెంట్‌లో అయితే ముందే కిటికీలు తీసి పెట్టుకోండి. మా ఇంట్లో అలారం మోగి, పక్కింటివాళ్లు తలుపు కొట్టారు.

పశువుల పాక వాసన

నవ్వకండి, నిజంగానే వస్తుంది. దోషి తెల్ల మిరియం. పండిన మిరియాలను రోజుల తరబడి నీళ్లలో నానబెట్టి పైతోలు కుళ్లనిచ్చి తీసేస్తే తెల్ల మిరియం వస్తుంది. ఆ నానబెట్టడం శుభ్రంగా జరగకపోతే వాసన మిగిలిపోతుంది. పొడి కొనకుండా గింజలు కొని, వాసన చూసి ఇంట్లోనే పొడి చేసుకోండి. నచ్చకపోతే సగమే వేసి మిగతాది నల్ల మిరియంతో సర్దండి.

వాము కషాయంలా ఉంది

థైమ్ దొరక్క వాము వేశారు. ఆలోచన తప్పు కాదు, రెండింటిలోనూ థైమాల్ అనే నూనె పదార్థం ఉంది. కానీ వాములో అది చాలా ఎక్కువ. స్పూన్ థైమ్ బదులు చిటికెడు వాము పొడి చాలు. ఒరెగానో కోసం పిజ్జాతో వచ్చే పొట్లాలు చింపకండి. వాటిలో తరచూ ఉప్పు, మిరప ముక్కలు కలిపి ఉంటాయి, మళ్లీ ఉప్పు దగ్గరికే వస్తాం.

గడ్డ కట్టింది, రంగు వెలిసింది

ఉల్లి, వెల్లుల్లి పొడులు గాలిలో చెమ్మని లాగేస్తాయి. ఉడుకుతున్న గిన్నె మీద సీసా వంచి చల్లితే ఆవిరంతా లోపలికి పోతుంది. అరచేతిలోకి తీసుకుని చల్లండి. గడ్డలకి బూజు లేకపోతే చిదిపి జల్లెడ పట్టి వాడుకోవచ్చు. రంగు వెలిసిపోవడం కిటికీ పక్క ఎండ వల్ల. వాసన కూడా పోయి ఉంటే కొత్త పాప్రికా, వెల్లుల్లి పొడి రెండేసి స్పూన్లు కలిపి ఆ నెలలోనే అయిపోగొట్టండి.

అన్నీ సరిగ్గానే వేశాను, గంబో తీగలు సాగుతోంది

దీనికి కారణం ఫిలే. ససాఫ్రస్ చెట్టు ఎండుటాకుల పొడి, అక్కడి స్థానిక తెగల్లో ఒకటైన చాక్టా వాళ్ల నుంచి లూసియానా వంటలోకి వచ్చింది. పులుసుని చిక్కబరుస్తుంది. కానీ కుతకుత ఉడికే గిన్నెలో వేస్తే బెండకాయ జిగురులా సాగుతుంది. కొందరు దీన్ని కేజన్ పొడిలోనే కలిపేస్తారు, ఆ పొడి మొదట్నుంచీ ఉడుకుతుంది కాబట్టి తీగలు తప్పవు. ఫిలేకి వేరే సీసా పెట్టండి. స్టవ్ కట్టేశాక కలపండి, లేదా అక్కడి వాళ్లలా సీసాని భోజనం బల్ల మీద పెడితే ఎవరి గిన్నెలో వాళ్లు చల్లుకుంటారు.