దసరా తరువాత కాస్కేడ్ అడవుల్లో జియోక్యాషింగ్: బయలుదేరే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

మన ఊళ్ళలో వానలు వెనక్కి తగ్గే దసరా రోజులకే వాషింగ్టన్ రాష్ట్రంలో, కాస్కేడ్ కొండలకు పడమటి వైపున, అసలైన వానాకాలం మొదలవుతుంది. వేసవిలో పిల్లలతో కలిసి జియోక్యాషింగ్ నేర్చుకుని, పార్కుల్లోనూ చెరువు గట్ల మీదా ఇరవై ముప్పై డబ్బాలు కనిపెట్టి, ఆ ఉత్సాహంతోనే అక్టోబరు, నవంబరు నెలల్లో అడవి దారి పట్టే తెలుగు కుటుంబాలు సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ ప్రాంతాల్లో నాకు తెలిసినవే కొన్ని ఉన్నాయి. దారి అదే, డబ్బా అదే అయినా జులైలో చూసిన అడవి నవంబరులో ఉండదు. ఈ జాగ్రత్తలు ముఖ్యంగా వారి కోసం రాస్తున్నాను.

కొత్తవారికి రెండు మాటలు. జియోక్యాషింగ్ అంటే ఇతరులు దాచిన డబ్బాలను జీపీఎస్ సాయంతో వెతికి కనిపెట్టే ఆట. క్యాష్ అంటే ఇక్కడ డబ్బు కాదు, దాచిపెట్టిన డబ్బా. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం పౌరులకు అందే జీపీఎస్ సంకేతాల్లో అంతవరకు కావాలని కలుపుతూ వచ్చిన తేడాను తొలగించింది. వంద మీటర్ల వరకు తప్పు చూపిన పరికరాలు ఒక్క రాత్రిలో పది ఇరవై మీటర్ల లోపు స్థానాన్ని చూపసాగాయి. ఆ మరునాడే, మే 3న, డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర ఒక బకెట్‌లో కొన్ని వస్తువులుంచి, నేలలో సగం పాతి, దాని అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో ప్రకటించారు. ఆట అక్కడ మొదలైంది. అయితే స్థల యజమాని అనుమతి లేకుండా నేల తవ్వి డబ్బాను పాతిపెట్టడం ఇప్పుడు నిబంధనలకు విరుద్ధం కనుక, ఏ క్యాష్ కోసమైనా నేల తవ్వవలసి వస్తోందంటే మీరు తప్పు చోట వెతుకుతున్నారని గ్రహించి ఆగిపోవాలి.

ఏ క్యాష్ వెతకదగినదో ఇంట్లో కూర్చుని నిర్ణయించుకోవడమే అన్నిటికన్నా ముందు తీసుకోవలసిన జాగ్రత్త అని నేను గట్టిగా నమ్ముతాను. ఇంటర్నెట్‌లో ప్రతి క్యాష్‌కూ ఉండే పేజీలో రెండు అంకెలుంటాయి. మొదటిది వెతకడంలోని కష్టాన్ని, రెండవది నేల కష్టాన్ని 1 నుంచి 5 వరకు అర చొప్పున చెబుతుంది. నేల అంకె 1 అంటే చక్రాల కుర్చీలో ఉన్నవారు కూడా చేరగలిగిన చోటు, 5 అంటే పడవో తాళ్ళో ఈత పరికరాలో లేకుండా చేరలేని చోటు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను వెంట తీసుకువెళ్ళేటప్పుడు 1.5 దాటకపోవడం మంచిది. ఇవి డబ్బా దాచిన వ్యక్తి ఇచ్చిన అంకెలనీ, చాలాసార్లు ఎండాకాలపు పొడి నేలను చూసి ఇచ్చినవనీ గుర్తుంచుకుని, వానాకాలంలో నేల అంకెకు కనీసం ఒకటి కలుపుకుని చదవాలి. ఆ తరువాత ఇటీవలి లాగ్‌లను, అంటే వెతికినవారు రాసిన మాటలను, ముఖ్యంగా గత ఏడాది ఇదే నెలలో రాసినవాటిని ఓపికగా చదవాలి. “చెట్టు కూలి దారి మూసుకుపోయింది”, “వాగు దాటలేక వెనక్కి వచ్చాం” వంటి ఒక్క వాక్యం వాతావరణ సూచన కంటే ఎక్కువ చెబుతుంది.

వెతకదగిన క్యాష్ అంటే ఏమిటన్నది కూడా దీనితో ముడిపడిన ప్రశ్నే. దుకాణాల పార్కింగ్‌లో దీపస్తంభం అడుగున ఉండే రేకు తొడుగును పైకెత్తితే దొరికే చిన్న డబ్బీలు వేలకొద్దీ ఉన్నాయి. అవి లెక్క పెంచుతాయే కాని జ్ఞాపకంలో నిలవవు. మంచి క్యాష్ అలా కాదు, అది లేకపోతే మనం ఎన్నటికీ వెళ్ళని ఒక జలపాతం పక్కకో, పాడుబడిన రైలు కట్ట మీదికో, వందల ఏళ్ళ దేవదారు చెట్టు మొదటికో మనల్ని తీసుకువెళుతుంది. అలాంటిదాన్ని దాచినవారు కారు ఎక్కడ ఆపాలో, దారి ఎక్కడ మొదలవుతుందో, ఏ కాలంలో రాకూడదో పేజీలో స్పష్టంగా రాస్తారు. ఆ శ్రద్ధ లేని పేజీ చూసి అడవిలోకి వెళ్ళవద్దు. ఇతరులు ఇచ్చిన ఫేవరిట్ పాయింట్లు మంచి చోటును సూచిస్తాయి కాని ఆ చోటు ఈ నెలలో క్షేమమో కాదో చెప్పవు.

దీనికి ఈ ప్రాంతంలోనే ప్రపంచ ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. 2001లో ఒక హాలీవుడ్ సినిమా ప్రచారం కోసం దాచిన ప్రత్యేక క్యాష్‌లలో ఒకటి స్నోక్వాల్మీ కనుమ దగ్గర, పాత మిల్వాకీ రైల్వే సొరంగపు పడమటి చివరకు సమీపంలో ఉంది. 2011లో మాయమై మూతపడి, 2017లో తిరిగి తెరుచుకున్న ఆ డబ్బా కోసం దూర దేశాలనుంచి కూడా వస్తారు. తూర్పు చివరన ఉన్న హయక్ వైపునుంచి వెళితే సుమారు 2.3 మైళ్ళు, అంటే 3.7 కిలోమీటర్లు, చీకటి సొరంగంలో నడవాలి. అవతలి చివరి వెలుగు మొదట చుక్కలా కనిపించి, నడిచేకొద్దీ పెరిగి పెద్దదవుతూ రావడమే ఆ క్యాష్‌లోని అసలు అందమనీ, డబ్బా దాని తరువాతేననీ నా అభిప్రాయం. ఆ సొరంగాన్ని ఏటా నవంబరు 1 నుంచి మే 1 వరకు మూసివేస్తారు. పైకప్పు నుంచి వేలాడే మంచు కడ్డీలు విరిగిపడతాయి కనుక తలుపులు మూసిన తరువాత మరో దారి వెతకడం ధైర్యం అనిపించుకోదు. అక్టోబరులో వెళ్ళేవారు కూడా తలకు కట్టుకునే దీపం మనిషికి ఒకటి, అందరికీ కలిపి అదనంగా మరొకటి తీసుకువెళ్ళాలి. బయట ఎండ కాస్తున్నా లోపల చలిగానే ఉంటుంది, పైనుంచి నీళ్ళు కారుతాయి. స్వెట్టరు, దానిమీద వాన కోటు తప్పనిసరి.

చీకటి ఈ కాలంలో మనవాళ్ళు తక్కువగా అంచనా వేసే అపాయం. అక్టోబరు మధ్యలో సియాటిల్‌లో సాయంత్రం ఆరు దాటాక అస్తమించే సూర్యుడు, నవంబరు మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి జరిపిన తరువాత అయిదు కాకముందే అస్తమిస్తాడు. డిసెంబరులో నాలుగుంపావుకే సరి. కొండల మధ్య, దట్టమైన కొమ్మల కింద, దానికి అరగంట ముందే దారి కనిపించదు. నాలుగేళ్ళ క్రితం నవంబరులో, క్యాష్ దిక్కు చూపే ఫోన్‌లోని బాణం గుర్తు 180 మీటర్లు చూపుతున్నదని మూడున్నర గంటలకు నేను దారి విడిచి అడవిలోకి దిగాను. మధ్యలో పేరు లేని ఒక వాగు అడ్డం వచ్చింది. రాళ్ళ మీద అడుగులు వేసి దాటాను, డబ్బా దొరకలేదు, తిరిగి చూస్తే నేను వచ్చిన రాళ్ళు ఏవో గుర్తుపట్టలేనంత చీకటి పడింది. ఫోన్‌లో ఆరు శాతం చార్జి మిగిలి ఉండగా దారికి చేరాను. నా భార్య కారులో గంటన్నర కూర్చుని, ఎవరికి ఫోన్ చేయాలో, ఎప్పుడు చేయాలో తెలియక పడిన బాధను నేను మరిచిపోలేదు. అప్పటినుంచి శీతకాలంలో ఎక్కడ ఉన్నా మధ్యాహ్నం రెండున్నరకు వెనుదిరుగుతాను. ఏ దారిలో వెళుతున్నామో, ఎన్ని గంటలకు వస్తామో, ఆ వేళ దాటి ఎంతసేపటికి 911కు ఫోన్ చేయాలో కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళతాను.

బాణం చూపే దూరం నేల మీద నడిచే దూరం కాదు. అది తిన్నగా గీత గీసినట్టు చూపుతుంది, మధ్యలో లోయ ఉన్నా నది ఉన్నా దానికి తెలియదు. మూడు వందల మీటర్లని చూపిన చోటుకు దారి వెంట రెండు కిలోమీటర్లు నడవవలసి రావచ్చు. కాబట్టి ముందుగా మ్యాప్‌ను ఫోన్‌లోకి దింపుకుని, కారు ఆపిన చోటును గుర్తు పెట్టుకుని, క్యాష్‌కు అతి దగ్గరగా వచ్చే వరకు దారి విడవకూడదు. తడిసిన ఆకుల కింద, కొండవాలు పక్కన జీపీఎస్ పదిహేను మీటర్లు, అంతకంటే ఎక్కువ కూడా తప్పు చూపగలదు. చిక్కుముడి విప్పి స్థానాన్ని కనుగొనే క్యాష్‌లలో అంకెలను రెండుసార్లు సరిచూసుకోవాలి. డిగ్రీలు, నిమిషాలుగా రాసే అక్షాంశంలో, నిమిషాల దశాంశం తరువాతి మూడవ అంకె ఒకటి మారితే ఉత్తర దక్షిణాలుగా సుమారు 1.85 మీటర్లే తేడా వస్తుంది కాని, మొదటి అంకె మారితే 185 మీటర్లు వస్తుంది. ఆ 185 మీటర్లు వాగుకు అవతల కావచ్చు. చలికి బ్యాటరీ తొందరగా అయిపోతుంది కనుక ఫోన్‌ను లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని ఉంచుకుని, పవర్ బ్యాంక్ వెంట తీసుకువెళ్ళాలి.

నీటి విషయంలో మినహాయింపులు వద్దు. వాన పడుతున్నప్పుడు, పడిన మరునాడు వాగులు దాటవద్దు. మోకాలి లోతు ప్రవాహం పెద్ద మనిషిని కూడా పడదోయగలదు. తూముల్లో, రోడ్డు కింది కాలువల్లో దాచిన క్యాష్‌ల జోలికి ఈ ఆరు నెలలూ పోవద్దు. 2018లో ప్రాగ్ నగరంలో భూగర్భ వాన కాలువలో ఈ ఆటకోసం దిగిన నలుగురిని హఠాత్తుగా వచ్చిన వాన నీరు ముంచెత్తగా ఇద్దరు మరణించారు. లోపల ఉన్నవారికి బయట వాన మొదలైన సంగతి తెలియదు.

బట్టల గురించి క్లుప్తంగా చెబుతాను. జీన్స్, నూలు చొక్కాలు తడిస్తే ఆరవు, ఒంట్లోని వేడిని లాగేస్తాయి. గడ్డకట్టే చలి లేకపోయినా, అయిదు నుంచి పది డిగ్రీల చలిలో తడిసిన బట్టలతో గాలి తగిలితే శరీరపు వేడి ప్రమాదకరంగా పడిపోతుంది. పిల్లలు వణుకుతున్నా, తడబడుతున్నా, మాట ముద్దగా వస్తున్నా వెంటనే పొడి బట్టలు తొడిగి, తీపిగా ఏదైనా తినిపించి వెనక్కి తీసుకురావాలి. ఉన్ని లేదా సింథటిక్ బట్టలు, నీరు దిగని పైకోటు, పట్టున్న బూట్లు, మార్చుకోవడానికి ఒక జత మేజోళ్ళు ఉండాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో జింకల, ఎల్క్‌లనే పెద్ద జింకల వేటకు అనుమతి ఉంటుంది. వేట జరిగే అడవుల్లో పిల్లలతో సహా అందరూ మెరిసే నారింజ రంగు చొక్కాలు వేసుకోవాలి. దారి వదిలి పొదల్లో వంగి వెతికే మనిషి దూరం నుంచి మనిషిలా కనిపించకపోవచ్చు. పెనుగాలుల హెచ్చరిక ఉన్న రోజు మాత్రం ఎంత మంచి బట్టలున్నా అడవిలోకి వెళ్ళవద్దు. నానిన నేలలో ఈ చెట్లు వేళ్ళతో సహా కూలుతాయి.

డబ్బా ఉన్న చోటుకు చేరాక చేయి పెట్టే ముందు చూపు పెట్టాలి. చెట్టు తొర్రల్లో, కుళ్ళిన దుంగల కింద పసుపుచారల కందిరీగలు గట్టి మంచు పడేదాకా ఉండవచ్చు. ముందు కర్రతో కదిపి, దీపం వేసి చూసి, తొడుగు వేసుకున్న చేతితోనే తీయాలి. ఊళ్ళలో వంతెనల కింద వాడి పారేసిన సూదులు ఉండే అవకాశం ఉంది కనుక అక్కడ పిల్లల చేత వెతికించవద్దు. డబ్బాలో తినుబండారాలు ఎప్పుడూ పెట్టకూడదు, వాసనకు జంతువులు వచ్చి పగలగొడతాయి. ఒక వస్తువు తీసుకుంటే అంతకు తక్కువ కానిది పెట్టాలి. డబ్బాలోని లాగ్ కాగితం మీద సంతకానికి సొంత కలం, తడిని తుడవడానికి చిన్న గుడ్డ తీసుకువెళ్ళాలి, మూత సరిగా బిగించి రావాలి.

ఊరి మధ్య వెతికేటప్పుడు మరో రకం జాగ్రత్త కావాలి. 2011లో ఇంగ్లండ్‌లోని వెదర్బీ పట్టణంలో ఒక కేఫ్ బయట దాచిన క్యాష్‌ను చూసి అనుమానించి, బాంబు నిర్వీర్య దళాన్ని పిలిపించి పేల్చివేశారు. బడుల దగ్గర, ఇళ్ళ కంచెల పక్కన పొదల్లో తచ్చాడుతున్న అపరిచితుడిని చూసి ఎవరైనా పోలీసులకు ఫోన్ చేయడం సహజం. పోలీసు వచ్చి అడిగితే చేతులు కనిపించేలా ఉంచి, ఏం చేస్తున్నారో దాచకుండా చెప్పి, అనుమతి అడిగి ఫోన్‌లోని పేజీ చూపించాలి. అలాంటి చోట్లకు పగటిపూట, కుటుంబంతో వెళ్ళడం మేలు. దారి మొదట్లో ఆపిన కార్ల అద్దాలు పగలగొట్టే దొంగతనాలు కూడా ఉన్నాయి కనుక, ఊరునుంచి వచ్చిన పెద్దవారి పాస్‌పోర్టులను కారులో వదలవద్దు.

సెలవులకు ఇండియా వెళ్ళి అక్కడ కూడా వెతకాలనుకునేవారికి ఒక ముఖ్యమైన హెచ్చరిక. సిగ్నల్ లేని చోట సందేశాలు పంపే శాటిలైట్ పరికరం ఇక్కడి అడవుల్లో ప్రాణరక్షకమే కాని, భారతదేశంలో దాన్ని ప్రభుత్వ అనుమతి లేకుండా కలిగి ఉండడం నేరం. విమానాశ్రయాల్లో ప్రయాణికులను అదుపులోకి తీసుకున్న సందర్భాలున్నాయి. సంచీలో మరిచిపోకుండా ఇంట్లోనే తీసిపెట్టి వెళ్ళాలి.

చివరగా, మీరే ఒక డబ్బా దాచి ఉంటే, దాని కోసం వచ్చేవారి క్షేమంలో కొంత భాగం మీ మీద ఉంటుంది. మొదటి పెద్ద వానకు ముందు ఒకసారి వెళ్ళి, వాగు ఎంత దగ్గరికి వచ్చిందో, పక్కన ఏ చెట్టు ఒరిగిందో చూసి, నేల అంకెను సరిదిద్దాలి. దారి క్షేమంగా లేదనిపిస్తే పేజీలో క్యాష్‌ను తాత్కాలికంగా ఆపి, కారణం రాయాలి. లాగ్ కాగితాన్ని మార్చి, డబ్బాను ఇంటికి తెచ్చి, ఏప్రిల్‌లో దారి నడిచి చూసిన తరువాతే తిరిగి పెట్టాలి.