ఉలులు చేసి ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు నమ్మకం ఎలా సంపాదించాలి?

ఊళ్లో కమ్మరి దగ్గరైతే కొనేవాడు కొలిమి పక్కనే నిలబడతాడు. గోటి మీద పదును చూస్తాడు, నచ్చకపోతే మళ్లీ కాల్పించుకుంటాడు. హాబీగా చెక్కపని చేసేవాళ్లకు ఆన్‌లైన్‌లో అమ్మేటప్పుడు ఆ వీలుండదు. కొలిమి దగ్గర కంటికి కనబడేదంతా మీరే చూపించాలి.

1. మీరెవరో ముందే చెప్పండి. పనిముట్లు చేసి అమ్ముతానని చెక్కపని వాళ్ల ఆన్‌లైన్ గ్రూపులో మొదటి మాటగానే రాయండి. బావమరిది చేత పొగిడించుకుంటే నాలుగు రోజుల్లో బయటపడుతుంది, ఆ మచ్చ ఇక పోదు.

2. ఉక్కు ఏదో చెప్పండి. "హై కార్బన్ స్టీల్" అంటే సరిపోదు. లారీ కమాను పట్టీతో చేశారా, ఓ1 అనే పనిముట్ల ఉక్కుతోనా? కమాను పట్టీ వాడటం చిన్నతనం కాదు, దాచడమే తప్పు. ఓ1ని సుమారు 800 డిగ్రీల సెల్సియస్‌కు కాల్చి, నూనెలో ముంచి, 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు టెంపరింగ్ చేస్తే (అంటే పెళుసుదనం తగ్గేలా తక్కువ వేడిలో మళ్లీ ఉంచితే) గట్టిదనం కొలిచే రాక్‌వెల్ సి స్కేలు మీద 60-62 దాకా వస్తుంది. మీకు వచ్చిన అంకె రాయండి, ఎక్కడ కొలిపించారో కూడా రాయండి. కెనడాలోని లీ వ్యాలీ అనే పనిముట్ల కంపెనీ 2012లో పీఎం-వీ11 ఉక్కు బ్లేడ్లు తెచ్చినప్పుడు, ఓ1, ఏ2 ఉక్కులతో పోల్చి చేసిన పరీక్షల ఫలితాలను అందరి ముందూ పెట్టింది.

3. ఉలి వీపు, అంటే ఏటవాలుగా సాన పట్టే వైపుకు వెనకనున్న చదును వైపు, చూపించండి. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. వీపు చదునుగా లేని ఉలికి ఎంత సాన పట్టినా పదును సరిగా రాదు. వీపంతా నీలం మార్కర్ పూసి, మందపాటి అద్దం మీద 400 నంబరు వాటర్ పేపర్ పరిచి, పదిసార్లు రుద్దండి. రంగు పోయిన చోటు ఎత్తు, మిగిలిన చోటు పల్లం. అంచు నుంచి ఒక అంగుళం మేర రంగు పూర్తిగా పోవాలి, పైన కాస్త మిగిలినా ఫర్వాలేదు. కోతల్లేని వీడియోలో ఇదంతా చూపించండి. తర్వాత ఎండు తుమ్మ చెక్కలో నారకు అడ్డంగా యాభై దెబ్బలు కొట్టి, అంచును దగ్గరగా చూపండి. పెచ్చు లేస్తే అదీ చూపండి.

4. ఎవరికైనా ఉచితంగా ఇచ్చి రివ్యూ రాయమంటే, ఉచితంగా వచ్చిందని వాళ్లను రాయమనండి.

5. ప్రతి ఉలి మెడ మీదా విడత నంబరు (ఒకేసారి చేసిన ఉలులన్నిటికీ ఒకే నంబరు) గుద్దండి. దీని విలువ తప్పు జరిగిన రోజున తెలుస్తుంది. నేను కొన్న ఒక ఉలి మూడో రోజే టేకు ముడి దగ్గర అంచు మడతపడింది. ఫొటో గ్రూపులో పెట్టాను. చేసినాయన విడిగా మెసేజ్ పెట్టలేదు, అందరి ముందే రాశాడు: "అన్నా, ఆ విడతలో టెంపరింగ్ వేడి ఎక్కువైంది. ఏడో నంబరు ఉన్న పన్నెండూ వెనక్కి పంపండి. రానూపోనూ కొరియర్ ఖర్చు నాదే." వారంలో కొత్తది వచ్చింది. తర్వాత ఆయన దగ్గర ఇంకో మూడు కొన్నాను.

6. చేతికివ్వండి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో థామస్ లీ-నీల్సన్ 1981లో మొదలుపెట్టిన చేతి పనిముట్ల కంపెనీ ఊరూరా ప్రదర్శనలు పెట్టి, పదును పట్టిన రందాలను వచ్చినవాళ్ల చేతికే ఇచ్చి చెక్క మీద నడపనిచ్చేది. అంత ఖర్చు మీ వల్ల కాకపోతే ఒక్క ఉలిని తిప్పండి. హైదరాబాద్‌లో ఒకరి దగ్గర వారం, విజయవాడలో ఇంకొకరి దగ్గర వారం. తిరిగొచ్చాక సాన పట్టకుండా అలాగే ఫొటో తీసి పెట్టండి.